వేగం యాంప్‌లో ఉండదు తల్లీ

నువ్వు పంపిన జాబితా చూశాను తల్లీ. 250 ఓమ్‌ల బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో, దానికి జోడీగా వాల్వులు ఎర్రగా వెలిగే యాంప్లిఫయర్, రెంటినీ కలపడానికి వెండి పూత కేబుల్. వద్దని చెప్పడానికి రాయడం లేదు. నీ సంపాదన, నీ చెవులు. కాకపోతే రేడియో స్టేషన్ కంట్రోల్ రూములో ఉద్యోగమంతా హెడ్‌ఫోన్స్ తగిలించుకుని గడిపినవాణ్ణి, జాబితా చూశాక ఊరుకోలేకపోయాను.

ముందుగా ఆ కేబుల్‌ని కొట్టెయ్. మీటరున్నర తీగ రాగిదైనా వెండిదైనా నీకు వినబడే తేడా ఉండదు. జాక్ దగ్గర వదులవకుండా, కుర్చీ చక్రం కింద పడ్డా తెగకుండా ఉంటే అదే మంచి కేబుల్. వాల్వు యాంప్‌ని కూడా కొట్టెయ్, ఎందుకో కింద చెబుతాను. హెడ్‌ఫోన్స్ ఉండాల్సిందే. ఉండాల్సినవి మాత్రం అవి కావు.

నువ్వు రాసిన ఒక మాట దగ్గర ఆగిపోయాను. "పాట ఫాస్ట్ కదా పెదనాన్నా, ఫాస్ట్ యాంప్ కావాలి" అన్నావు. అది నీ మాట కాదు, అమ్మేవాళ్ళ మాట. లెక్క చూద్దాం రా. నువ్వు వినే డ్రమ్ అండ్ బేస్ నిమిషానికి 174 బీట్ల దగ్గర నడుస్తుంది. అంటే బీటుకీ బీటుకీ మధ్య 345 మిల్లీసెకన్లు. ఆ బీటును నాలుగు ముక్కలు చేసి హైహ్యాట్ వాయిస్తే ముక్కకు 86. సైట్రాన్స్ కాస్త నిదానం, 145 అనుకో. అందులో ఒక కిక్, వెన్నంటే మూడు బేస్ స్వరాలు, మళ్ళీ కిక్. ఒక్కోదానికీ దక్కే చోటు 103 మిల్లీసెకన్లు. ఆ బేస్ 50 హెర్ట్జ్ దగ్గర ఉంటే ఒక్క అల పూర్తవడానికే 20 మిల్లీసెకన్లు కావాలి. అంటే తనకిచ్చిన చోటులో ఐదు సార్లు ఊగి పక్కకు తప్పుకోవాలి. నువ్వు లక్ష రూపాయల పరికరం పెట్టినా ఆ అల 20 మిల్లీసెకన్లకే పూర్తవుతుంది, ఒక్క మిల్లీసెకను ముందు కాదు. కాబట్టి బేస్‌ని ఎవరూ పరిగెత్తించలేరు. టైముకి ఆపగలరు, అంతే.

మరి కిక్ "టక్"మని తగిలినట్టు అనిపించేది ఎక్కడి నుంచి? కింది బేస్ నుంచి కాదు. కిక్ మొదట్లో 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య ఉండే చిన్న చిటుకు నుంచి. దెబ్బ ఎప్పుడు పడిందో చెవికి చెప్పేది అదే, ఎంత బరువుగా పడిందో చెప్పేది బేస్. ఈ రెంటి మధ్య, 100 నుంచి 300 హెర్ట్జ్ దాకా ఉండే మేర ఉబ్బిందంటే చిటుకు దాని కింద కప్పబడిపోతుంది. మీ తాతయ్య మృదంగం గుర్తుందా? కచేరీకి ముందు ఎడమ మూతకు తడిపిన రవ్వ ముద్ద అద్దేవారు. ముద్ద పాళం కుదరని రోజున ఎడమవైపు మోత ఆగేది కాదు, మూడో కాలం అందుకునేసరికి కుడిచేతి దెబ్బలన్నీ ఆ మోతలో కలిసిపోయేవి. ఆయన చెయ్యి ఎప్పటిలాగే నడుస్తున్నా "ఇవాళ చెయ్యి ఆడలేదు" అని వెనకాల కూర్చున్నవాళ్ళు అనుకునేవారు. నీ భాషలో "స్లో హెడ్‌ఫోన్స్" అంటే సరిగ్గా అదే.

ఇక యాంప్ సంగతి. యాంప్‌కీ ఒక వేగం ఉంటుంది, కాదనను. స్లూ రేట్ అంటారు. మైక్రోసెకనుకు ఎన్ని వోల్టులు ఎక్కగలదో చెప్పే అంకె. మనిషి చెవికి అందే ఆఖరి మెట్టు 20 కిలోహెర్ట్జ్. ఆ స్వరాన్ని 3 వోల్టుల శిఖరంతో పలికించాలన్నా మైక్రోసెకనుకు 0.4 వోల్టు సరిపోతుంది. స్టూడియో మిక్సర్లలో దశాబ్దాలుగా వాడుతున్న ఎన్‌ఈ 5532 అనే చవక చిప్పు 9 వోల్టులు ఎక్కుతుంది. అవసరానికి ఇరవై రెట్ల పైమాటే. కాబట్టి డబ్బా మీద "అల్ట్రా ఫాస్ట్" అని ఎవరైనా రాస్తే, గోడగడియారం మీద "విమాన వేగంతో తిరిగే ముల్లు" అని రాసినట్టు లెక్క.

అయితే యాంప్ ఎందుకంటావా? వోల్టుల కోసం, ఒక్కోసారి కరెంటు కోసం. అదీ హెడ్‌ఫోన్స్ అడిగితేనే. ఓమ్‌లు పెరిగితే నాణ్యత పెరుగుతుందని చాలామంది నమ్ముతారు, నువ్వూ అందుకే 250 ఎంచుకున్నావు. డీటీ 770 ప్రో ఒకే పేరుతో 32, 80, 250 ఓమ్‌లలో వచ్చింది. ఓమ్‌లు పెరిగితే లోపలి కాయిల్ తీగ సన్నబడుతుంది, కరెంటు తక్కువ తీసుకుంటుంది, వోల్టులు ఎక్కువ అడుగుతుంది. స్టూడియోలో ఒకే అవుట్‌పుట్‌కి నాలుగైదు జతలు తగిలించే రోజుల్లో అది సుఖం. బెంగుళూరు పీజీ గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చునే పిల్లకు ఆ సుఖంతో పనేమిటి?

చెవి దగ్గర 110 డెసిబెళ్ళ శిఖరం కావాలనుకుందాం. అది చాలా ఎక్కువ, హద్దు కోసం చెబుతున్నాను. ఆడియో టెక్నికా ఎమ్50ఎక్స్‌కి 0.7 వోల్టు చాలు. డీటీ 770 ప్రో 80 ఓమ్‌లదానికి 1.4 వోల్టులు. సెన్‌హైజర్ హెచ్‌డీ 600కి, అది 300 ఓమ్‌లు కాబట్టి, దాదాపు 2.5 వోల్టులు. హైఫైమాన్ హెచ్ఈ400ఎస్ఈ 25 ఓమ్‌లే అయినా బద్ధకస్తురాలు. వోల్టులు 1.4తో సరిపెట్టుకుంటుంది గానీ 80 మిల్లీవాట్ల దాకా శక్తి లాగుతుంది. ఫోనుకి పెట్టే మామూలు యూఎస్‌బీ డాంగిల్ ఒక వోల్టు వరకూ ఇస్తుంది. దాంతో 80 ఓమ్‌ల డీటీ 770 శిఖరంలో 107 డెసిబెళ్ళు పలుకుతుంది. తర్వాత నువ్వే తగ్గించు అంటావు.

ఇంకో సంగతి చెబితే నమ్మవేమో. నీ సంగీతానికి నా సంగీతం కంటే చిన్న యాంప్ చాలు. ఇప్పటి డ్రమ్ అండ్ బేస్‌ని మాస్టరింగ్‌లో పిండి పిండి పైకప్పుకి ఆనిస్తారు. సగటు మట్టానికీ శిఖరానికీ మధ్య ఆరేడు డెసిబెళ్ళు మిగిలితే గొప్ప. కాబట్టి సగటున 80 డెసిబెళ్ళతో వింటే శిఖరం 88 దాటదు. డీటీ 770కి అది ఒక మిల్లీవాట్‌లో ఆరో వంతు పని. నేను వినే సింఫనీలోనో, పిండకుండా వదిలిన వయొలిన్ కచేరీ రికార్డింగులోనో సగటుకీ శిఖరానికీ ఇరవై డెసిబెళ్ళ తేడా ఉంటుంది. పెద్ద యాంప్ కావలసింది నాకు. డబ్బులు మిగిలితే ఎవరికి కొనిపెట్టాలో ఇప్పుడు తెలిసింది కదా.

వాల్వు యాంప్ ఎందుకు వద్దన్నానో ఇక్కడ చెప్పాలి. వాల్వుల మీద నాకు కోపం లేదు, వాటి వెలుగులోనే పని నేర్చుకున్నాను. నీకు తగలబోయే చిక్కు వాటి అవుట్‌పుట్ ఇంపిడెన్స్. ట్రాన్స్‌ఫార్మర్ లేని చిన్న వాల్వు యాంపుల్లో అది పదుల ఓమ్‌లు ఉంటుంది. హెడ్‌ఫోన్స్ ఇంపిడెన్స్ కూడా అన్ని స్వరాల దగ్గరా ఒకేలా ఉండదు. 32 ఓమ్‌లు అని రాసినది 80 హెర్ట్జ్ దగ్గర 60 దాకా ఎక్కే రకం ఉందనుకో. యాంప్ లోపల 30 ఓమ్‌లు కూర్చుని ఉంటే, ఆ 80 హెర్ట్జ్ మేర మిగతా పాట కంటే రెండు డెసిబెళ్ళకు పైగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బునే కొందరు "వెచ్చదనం" అంటారు. ఘంటసాల గారి పాత పాటకు బాగానే ఉంటుంది. కిక్ వెనకాల మూడు బేస్ స్వరాలు వరసగా తోసుకొచ్చే చోట మాత్రం అది రవ్వ ముద్ద చెడిన మృదంగమే. యాంప్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ హెడ్‌ఫోన్స్ ఓమ్‌లలో ఎనిమిదో వంతు దాటకూడదన్నది మా వాళ్ళ పాత లెక్క. ఒకటి రెండు ఓమ్‌ల లోపున్న మామూలు ట్రాన్సిస్టర్ యాంప్ కొనుక్కుంటే ఆ లెక్కే గుర్తుంచుకోనక్కర్లేదు. యూఎస్‌బీ డాక్, యాంప్ ఒకే డబ్బాలో ఉండి రెండు నుంచి నాలుగు వోల్టులు ఇచ్చేవి బోలెడు దొరుకుతున్నాయి. అందులో అందంగా ఉన్నది తీసుకో, నేనేమీ అనను.

అసలు డబ్బు పెట్టాల్సింది తలకు తగిలే వస్తువు మీద. డీటీ 990 ఎందుకు కాదంటే, 8 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల అది ఎగిరిపడుతుంది. సెకనుకి పన్నెండు హైహ్యాట్లు కొట్టే పాటను దాంతో గంటసేపు వింటే చెవిలో సూదులు గుచ్చినట్టుంటుంది. పైగా అది వెనకవైపు తెరిచిన రకం. నీ గదిలో ఇంకో అమ్మాయి నిద్రపోతుంది కదా, రాత్రి రెండింటికి నీ సైట్రాన్స్ ఆ పిల్లకు చిమ్మటలా వినబడుతుంది. హెచ్‌డీ 600 గొప్ప వస్తువు, గొంతుకు అంతకంటే నిజాయితీగా పలికేవి అరుదు. కానీ అది కూడా తెరిచిన రకమే, పైగా అట్టడుగు బేస్‌లో జారిపోతుంది. నీ పాటల్లో సగం సరుకు ఉన్నది అక్కడే. హైఫైమాన్ లాంటి ప్లేనార్ రకాల్లో పొర అంతటా తీగలు పరిచి ఉంటాయి, పొర మొత్తం ఒకేసారి కదులుతుంది, బేస్ అట్టడుగు దాకా దాదాపు సమంగా వెళ్తుంది. జనం వాటిని "ఫాస్ట్" అనడానికి కారణం ఆ సమమే. సొంత గది తీసుకున్న రోజున ప్లేనార్ కొనుక్కో. అప్పుడు యాంప్‌కీ పని దొరుకుతుంది. ఇప్పటికి మాత్రం మూసిన రకం, డీటీ 770 ప్రో 80 ఓమ్‌లది. డీజేల మెడల్లో కనబడే సెన్‌హైజర్ హెచ్‌డీ 25 మీద కూడా మనసు పడతావేమో. 1988 నుంచి ఉన్న మొండి ఘటం, 140 గ్రాములే. చెవి మీద అదిమి కూర్చుంటుంది గానీ చెవి చుట్టూ కూర్చోదు, ఆఫీసులో రోజంతా పెట్టుకునేది కాదు.

మూసిన రకం కొన్నావా, నీ కళ్ళద్దాల సంగతి చూసుకోవాలి. దీన్ని ఎవరూ పట్టించుకోరు. కప్పు చెవి చుట్టూ గాలి చొరకుండా అతుక్కుంటేనే బేస్ నిలుస్తుంది. కళ్ళద్దాల కాడ కప్పు మెత్తకీ కణతకీ మధ్య చిన్న సందు చేస్తుంది, జడ పాయ అడ్డొచ్చినా అంతే. ఆ సందులోంచి బేస్ కారిపోతుంది. ఫోనులో 40 హెర్ట్జ్ స్వరం పెట్టి, రెండు కప్పుల్నీ అరచేతులతో మెల్లగా అదుము. మోత పెరిగిందంటే సందు ఉన్నట్టే. సన్న కాడల కళ్ళజోడు వేసుకుంటే చాలావరకు తీరిపోతుంది. ఇంకొకటి, మన చెమటకు రెగ్జిన్ మెత్తలు నల్ల పొరలు పొరలుగా రాలతాయి, మెడ మీద అంటుకుంటాయి కూడా. మెత్తలు విడిగా దొరికే మోడలే కొను. 770కి ముఖమల్ లాంటి గుడ్డ మెత్తలు వస్తాయి, ఉతుక్కోవచ్చు.

కొన్నాక వెంటనే ఈక్వలైజర్ పెట్టుకో. "ఆడియోఫైల్స్ ఈక్యూ వాడరు" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకో. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ ఉచితం. నీ మోడల్ పేరు కొడితే ఆటోఈక్యూలో కొలిచిన దిద్దుబాట్లు దొరుకుతాయి. అవి ఎక్కువగా హర్మన్ కంపెనీలో షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ శ్రోతల మీద పరీక్షలు చేసి తేల్చిన గీతను పట్టుకుని చేసినవి. హెడ్‌ఫోన్స్‌లో చాలావరకు ఒక స్వరం ఉబ్బడం, ఆ స్వరం ఆగకుండా మోగడం రెండూ ఒకే జబ్బుకి రెండు లక్షణాలు. 200 హెర్ట్జ్ ఉబ్బును నాలుగు డెసిబెళ్ళు దించితే ఆ మోతా తగ్గుతుంది. నువ్వు యాంప్‌లో వెతికిన "వేగం" ఇలా పైసా ఖర్చు లేకుండా వస్తుంది. అడుగున 30 హెర్ట్జ్‌ని 6 డెసిబెళ్ళు పెంచావంటే మొత్తం పాటను ఆ ఈక్వలైజర్‌లోనే ఉండే ప్రీయాంప్‌లో 6 డెసిబెళ్ళు దించాలి, లేకపోతే శిఖరాలు నరికినట్టయి గరగరలాడుతుంది. ఆరు డెసిబెళ్ళంటే నాలుగు రెట్ల శక్తి. ఆ లోటు పూడ్చేటప్పుడే యాంప్‌లోని మిగులు ఉపయోగపడేది.

షాపులో వినే అవకాశం దొరికితే వాళ్ళు పెట్టే గిటార్ పాటలు విని తల ఊపి రావద్దు. నీ పాటలు పట్టుకెళ్ళు. సైట్రాన్స్‌లో కిక్ తర్వాతి మూడు బేస్ దెబ్బల్ని వేళ్ళ మీద లెక్కపెట్టు. మూడూ విడివిడిగా వస్తున్నాయా, మొదటిది కిక్‌కి అతుక్కుపోయిందా? ఆమెన్ బ్రేక్ ఉన్న పాత జంగిల్ పాట ఒకటి పెట్టు. 1969లో ద విన్‌స్టన్స్ అనే బృందం రికార్డు మీద జి.సి. కోల్‌మన్ వాయించిన నాలుగు ఆవర్తాల డ్రమ్స్ అది. నీ తరం సంగీతం సగం ఆ ఏడు సెకన్ల ముక్కను కోసి, వేగం పెంచి అల్లుకున్నదే. గట్టి స్నేర్ దెబ్బల మధ్య ఆయన మెల్లగా తాకి వదిలిన చిన్న దెబ్బలుంటాయి. అవి వినబడితే ఆ హెడ్‌ఫోన్స్ నీకు పనికొస్తాయి. రెండు జతల్ని పోల్చేటప్పుడు శబ్దం సమం చేసుకుని విను. ఒక డెసిబెల్ ఎక్కువ పలికినదే బాగుందనిపిస్తుంది, చెవి అంత అమాయకురాలు.

వీలైతే చరణ్‌జీత్ సింగ్ 1982లో చేసిన రికార్డు కూడా పట్టుకెళ్ళు, పది రాగాల్ని డిస్కో బీటు మీద వాయించింది. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో పనిచేసిన మనిషి. రోలాండ్ టీఆర్ 808, టీబీ 303 పెట్టుకుని రాగాలు పలికించాడు. షికాగోలో యాసిడ్ హౌస్ పుట్టకముందే. అప్పట్లో ఎవరికీ పట్టలేదు, 2010లో మళ్ళీ అచ్చయ్యాక ప్రపంచం నోరు వెళ్ళబెట్టింది. అందులో 303 జారుడు స్వరం గమకంలా వంగుతుంది. 100 నుంచి 300 హెర్ట్జ్ ఉబ్బిన హెడ్‌ఫోన్స్‌లో ఆ వంపు మాసిపోతుంది. నీ సంగీతం నాకు నచ్చేది ఇదిగో, ఇక్కడి నుంచే.

ల్యాప్‌టాప్‌కి చార్జర్ పెట్టగానే చెవిలో "జూ" మని వినబడితే యాంప్ పాడైందని తిప్పి పంపకు. ముందు చార్జర్ తీసి చూడు. మోత ఆగితే తప్పు ఎర్త్‌ది. మూడు పిన్నుల ప్లగ్, సరైన ఎర్త్ ఉన్న సాకెట్ వెతుక్కో. బ్లూటూత్ అంటావా, బస్సులో వినడానికి నిక్షేపంగా ఉంటుంది. నువ్వు ప్యాడ్ మీద బీట్లు వాయించడం మొదలెడితే మాత్రం పనికిరాదు. అందులో 200 మిల్లీసెకన్ల ఆలస్యం మామూలే, 174 దగ్గర అది సగం బీటు పైన.

ఆఖరుగా వాల్యూమ్. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 40 గంటలకు 80 డెసిబెళ్ళు హద్దు అంటోంది. మూడు డెసిబెళ్ళు పెంచిన ప్రతిసారీ గంటలు సగమవుతాయి: 83కి 20, 86కి 10, 89కి 5. పిండిన సంగీతంలో చెవికి ఊపిరి పీల్చుకునే సందు ఉండదు కాబట్టి ఈ లెక్క నీకు నాకంటే ఎక్కువ వర్తిస్తుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో వాల్యూమ్ ఒకసారి సర్దుకుని గుర్తు పెట్టుకో, బస్సెక్కాక దాన్ని దాటకు. మూసిన రకం తీసుకోమన్నది సగం ఇందుకే. బయటి రొద లోపలికి రాకపోతే పెంచాలనిపించదు. పాట ఆపాక చెవిలో సన్నగా "కీ" మంటే ఆ రోజుకి చాలించు. మర్నాటికీ అలాగే ఉంటే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళు, వారం చూద్దామనుకోకు.

డిసెంబరులో అంజునా వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. వెళ్ళు, గోవా ట్రాన్స్ పుట్టిన ఇసక అది, చూడాల్సిందే. స్పీకర్ల ముందు 100 డెసిబెళ్ళు దాటడం మామూలే, అక్కడ నీ హెడ్‌ఫోన్స్ లెక్కలేవీ పనిచెయ్యవు. సంగీతకారులు వాడే ఫిల్టర్ ఇయర్‌ప్లగ్స్ ఉంటాయి, అన్ని స్వరాల్నీ ఇంచుమించు సమంగా 15 నుంచి 20 డెసిబెళ్ళు దించుతాయి, కిక్ చిటుకు కూడా పోదు. వెండి కేబుల్‌కి పెట్టే డబ్బుతో అవి రెండు జతలు వస్తాయి, నీ స్నేహితురాలికి కూడా ఒకటి. టికెట్‌తో పాటే తెప్పించుకో. అక్కడికెళ్ళాక కొనుక్కోవచ్చులే అనుకుంటే అర్ధరాత్రి మందుల షాపులో దొరికేది దూది. దూదితో ఏమీ ఆగదు.